గుట్ట మీది జేగురు బొమ్మలు



సత్యోపదేశం తరగతిలో పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫాదర్, ఆదిమానవులు గుహల్లో ఉన్నారని బడిలో చెబుతున్నారు. మరి ఆదాము మాటేమిటి?" అలా అడిగితే గద్దించి కూర్చోబెట్టకండి.

మన సంగారెడ్డి జిల్లాలోనే ఎడితనూరు గుట్ట రాళ్ల మీద, అటు భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట మీద ఆ మనుషులు వేసిన బొమ్మలున్నాయి. పాండవుల గుట్ట బొమ్మలు 1990లో వెలుగుచూశాయి. అడవిదున్నలు, జింకలు, చిరుత, విల్లమ్ములు. ఎరుపంతా ఇనుము కలిసిన మన్ను, మన జేగురే. వేటాడేవాడికి కడుపు నిండితే చాలు కదా, బొమ్మ ఎందుకు? కడుపుతో నిమిత్తం లేనిదేదో అతనిలో ఉంది. ఆదికాండము చెప్పే దేవుని పోలిక ఇదేనని నా నమ్మకం. ఎవరు ఏ ఏట పుట్టారో లెక్క చెప్పడం ఆ గ్రంథం పని కాదు. మానవదేహం పుట్టుకపై పరిశోధనకు 1950లోనే పన్నెండవ పయస్ పోపుగారు అడ్డు చెప్పలేదు.

స్పెయిన్‌లో ఆల్తమీరా గుహ బొమ్మలు 1879లో బయటపడితే పండితులే మోసమన్నారు. 1902లో అక్కడ కూర్చుని వాటికి నకలు తీసినవారు మన కతోలిక గురువు, హెన్రీ బ్రూయ్. కడదాకా గురువుగానే ఉన్నారు.

ఫ్రాన్సులో లాస్కో గుహను, జనం ఊపిరి తగిలి బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. మన యువజనులు పాండవుల గుట్టకు పిక్నిక్ పోతే, ఫోటోలో బాగా కనబడాలని బొమ్మల మీద నీళ్లు చల్లవద్దు. పక్కన పేర్లు గీయవద్దు.