కన్నీరు, తీర్పు: ఏథెన్స్ వారసత్వంలో ఒక నైతిక ప్రశ్న

ప్రాచీన గ్రీకు నాగరికత లోకానికి మిగిల్చిన వారసత్వాన్ని గురించి చెప్పేటప్పుడు ప్రజాస్వామ్యం, తత్త్వశాస్త్రం, నాటకం, చరిత్రరచన అన్న నాలుగింటిని పేర్కొనడం పరిపాటి. వీటి వికాసంలో ఏథెన్స్ నగరానికి ప్రధానమైన పాత్ర ఉన్న మాట నిజమే. అయితే మన ధర్మశాస్త్రాల దృష్టిలో తండ్రి ఆస్తిని పంచుకొన్న కొడుకు ఆయన చేసిన అప్పుకూ బాధ్యుడే. ఏథెన్స్ మిగిల్చిన అప్పు ఏది? ఆ నగరం తాను చేసిన అన్యాయాన్ని తానే రాసి పెట్టుకొంది గనుక, ఆ రాత వల్ల అప్పు తీరినట్లేనా? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

క్రీ.పూ. 416లో ఏథెన్స్ సేనలు మీలోస్ అనే చిన్న ద్వీపాన్ని ముట్టడించాయి. ఆ ద్వీపవాసులు స్పార్టా నుండి వచ్చి స్థిరపడినవారి సంతతి. ఏథెన్స్, స్పార్టాల మధ్య సాగుతున్న యుద్ధంలో తటస్థంగా ఉండాలని కోరుకొన్నారు. ఆ శీతకాలంలో వారు లొంగిపోగా, చేజిక్కిన వయోజన పురుషులను ఏథెన్స్ వారు చంపారు. స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మారు. తరువాత 500 మందిని తమ నగరం నుండి పంపి అక్కడ కాపురం పెట్టించారు. ఇది మనకు తెలియడానికి ప్రధానాధారం ఏథెన్స్‌వాడే అయిన థుసిడిడీస్. ముట్టడికి ముందు జరిగిన సంభాషణను ఆయన తన చరిత్రలో నాటకంలోని సంవాదంలా కూర్చాడు. న్యాయమన్నది సమాన బలం గలవారి మధ్యనే చర్చకు వస్తుందని ఏథెన్స్ దూతలు అక్కడ ఏ దాపరికమూ లేకుండా చెబుతారు. ఆయన వారిని సమర్థించలేదు, పేరు పెట్టి నిందించనూ లేదు.

మరుసటి వసంతంలో, అంటే 415లో, డయొనీసస్ ఉత్సవంలో యూరిపిడీస్ రచించిన ‘ట్రాయ్ స్త్రీలు’ ప్రదర్శితమైంది. దానికి ద్వితీయ బహుమతి వచ్చింది. మీలోస్ పతనానికీ ప్రదర్శనకూ నడుమ వ్యవధి కొద్ది నెలలే కనుక, నాటకం ఆ ద్వీపాన్ని ఉద్దేశించే రాశాడని చెప్పడం సాహసమవుతుంది. నాటకంలో మీలోస్ ప్రస్తావన కూడా లేదు. కాని నా వాదానికి కవి ఉద్దేశం అవసరం లేదు; ఆ ఏడాది ప్రేక్షకులెవరో తెలిస్తే చాలు. ఆ ఉత్సవంలోనే సామంత నగరాలు చెల్లించిన కప్పాన్ని రంగస్థలం మీద ప్రదర్శించేవారని ఐసోక్రటీస్ చెప్పాడు. కాలిపోతున్న ట్రాయ్ ముందు హెక్యుబా రోదిస్తుంటే చూసినవారిలో సభలో చెయ్యెత్తి యుద్ధాలు నిర్ణయించే పౌరులు ఉన్నారు. తెలుగు పాఠకునికి ఇక్కడ తిక్కనగారి స్త్రీపర్వం స్ఫురించడం సహజం. గాంధారి విలాపం కూడా గెలిచినవారిని నిలదీస్తుంది. అయితే కురుక్షేత్రం తిక్కన శ్రోతలు నిర్ణయించిన యుద్ధం కాదు.

ఈ నాటకంలో విమర్శకులు హెక్యుబా మీద, కసాండ్రా మీద నిలిపినంత దృష్టి టాల్తీబియస్ మీద నిలపరు. అతడు గ్రీకు సేన వార్తాహరుడు. ఆండ్రోమకీ బిడ్డను కోటగోడ మీది నుండి పడవేయాలన్న ఆజ్ఞను ఆమెకు వినిపించవలసినవాడు అతడే. చెప్పలేక తడబడతాడు, ఇలాంటి వార్త మోయడానికి తనకంటె జాలి తెలియనివాడు కావాలంటాడు. అయినా పిల్లవాణ్ణి తీసుకుపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నది నీటితో ఆ శవాన్ని తానే కడిగి, హెక్టర్ డాలు మీద ఉంచి అవ్వకు అప్పగిస్తాడు. అతని జాలి బూటకం కాదు. కాని ఆ జాలికి ఆజ్ఞను ఒక్క ఘడియైనా ఆపగల శక్తి లేదు. కడగడం దాకా వచ్చి ఆగిపోయిన కరుణ అది.

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో గ్రీకు నాటకాన్ని ఎక్కువగా అరిస్టాటిల్ ‘కావ్యశాస్త్రం’ ద్వారానే పరిచయం చేసుకొంటాం. కరుణ, భయాలను రేకెత్తించి వాటిని క్షాళన చేయడం విషాదాంత నాటక ప్రయోజనమని పరీక్షల్లో రాస్తాం, నేనూ రాశాను. ఆ గ్రంథంలోనే యూరిపిడీస్‌కు కవులందరిలోకీ అత్యంత విషాదాత్మకుడన్న ప్రశంస ఉంది. క్షాళన జరిగిన మనస్సు ఆ తరువాత ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం మన పాఠ్యాంశంలో లేదు. ఏథెన్స్ విషయంలో దీనికి తేదీతో సహా సమాధానం దొరుకుతుంది. వసంతంలో ఆ నాటకం చూసిన నగరమే ఆ ఏడాది వేసవిలో సిసిలీ మీదికి మహానౌకాదళాన్ని పంపింది. నాటకం వల్ల యుద్ధం ఆగకపోవడం కవి లోపమని నేననను. స్వీయ విమర్శను చూపించి ఆ నాగరికతను నిర్దోషిగా ప్రకటించే వాదాన్ని మాత్రం అంగీకరించలేకపోతున్నాను. మీలోస్ స్త్రీలకు ఆ కన్నీటి వల్ల ఒరిగిందేమీ లేదు.

అలాగని ఆ నగరంలో పశ్చాత్తాపం ఎన్నడూ పని చేయలేదనడం కూడా అసత్యం. 427లో మిటిలీనీ నగరం తిరుగుబాటు చేసి ఓడినప్పుడు, అక్కడి వయోజన పురుషులందరినీ చంపాలని ఏథెన్స్ సభ తీర్మానించింది. ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. మరునాటికి పౌరులకు తమ నిర్ణయం క్రూరమనిపించి, సభను తిరిగి సమావేశపరచారు. క్లియోన్ పాత తీర్మానాన్నే సమర్థించాడు. డయొడోటస్ దానిని వ్యతిరేకించాడు. కాని అతని వాదన జాలి మీదగాని న్యాయం మీదగాని ఆధారపడలేదు, ఏథెన్స్ ప్రయోజనం మీదనే ఆధారపడింది. చేతులెత్తిన లెక్క దాదాపు సమానంగా వచ్చి, డయొడోటస్ పక్షం అతి స్వల్పంగా నెగ్గింది. తిరుగుబాటుకు ముఖ్య బాధ్యులుగా ఎంచినవారిని తరువాత చంపారు. నగర ప్రజలు బతికారు. మీలోస్ విషయంలో ఇలాంటి పునర్విచారణ జరిగినట్లు థుసిడిడీస్ చెప్పడు.

నా దృష్టిలో ఏథెన్స్ వారసత్వంలో విలువైనది ఆ రెండవ రోజు సభ. అది పశ్చాత్తాపానికి తీర్పును మార్చే అధికారం ఇచ్చింది. అక్కడ నెగ్గిన వాదన స్వార్థపరమైనది కావడం నన్ను కలవరపెడుతుంది; టాల్తీబియస్‌లోని నిజమైన జాలి చేయలేని పనిని డయొడోటస్ లెక్కలు చేశాయి.

ఆ రోజు సభ ముగియగానే రెండవ ఓడ బయలుదేరింది. మొదటిది అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి ముందుంది. రెండవ ఓడలోని తెడ్లవాళ్లు ద్రాక్షాసవంలో, నూనెలో కలిపిన బార్లీపిండిని తెడ్డు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడలోనివారు మాత్రం అలాంటి పని మీద వెళుతున్నందువల్ల తొందరపడలేదని థుసిడిడీస్ అంటాడు. సేనాని మరణాజ్ఞను చదివి అమలుకు సిద్ధపడుతుండగా రెండవ ఓడ రేవు చేరింది. ఆ మొదటి ఓడలో మెల్లగా తెడ్డు వేసినవారిలో ఏ ఒక్కరి పేరూ చరిత్రలో లేదు.