పై చట్టం ఎవరి సొత్తు?

1850 మార్చి 11న అమెరికా సెనేట్‌లో న్యూయార్క్ సభ్యుడు విలియం హెన్రీ సీవర్డ్ లేచి, ముందే రాసుకొచ్చిన ప్రసంగాన్ని చదివాడు. ఆయన గొప్ప వక్త కాడు, చదివిన తీరు చప్పగానే ఉంది. విషయం మాత్రం నిప్పులాంటిది. మెక్సికో మీద యుద్ధంలో గెలుచుకున్న నేలల్లో బానిసత్వాన్ని అనుమతించాలా, కాలిఫోర్నియాను బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకోవాలా, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టాన్ని ఇంకా బిగించాలా అన్న చిక్కులన్నిటినీ ఒకే మూటలో కట్టి ఒక రాజీ బేరం నడుస్తోంది. దేశం ముక్కలు కాకుండా ఉండాలంటే ఆ బేరానికి ఒప్పుకోవాల్సిందేనని డేనియల్ వెబ్‌స్టర్ అంతటివాడు నాలుగు రోజుల ముందే అదే సభలో చెప్పి కూర్చున్నాడు. సీవర్డ్ ఒప్పుకోలేదు. ఆ నేలల మీద కాంగ్రెస్‌కున్న అధికారానికి రాజ్యాంగం హద్దులు గీసిన మాట నిజమే కానీ, రాజ్యాంగం కంటే పై చట్టం ఒకటుందనీ, అదీ ఆ అధికారానికి హద్దు గీస్తుందనీ అన్నాడు. ఆ నేల మనుషులందరి ఉమ్మడి ఆస్తి, దానికి మనం ధర్మకర్తలం మాత్రమే అన్నాడు. ప్రసంగమంతా మరుగున పడి ఆ 'పై చట్టం' ఒక్కటే జనం నోట మిగిలింది. ఆయన్ని మెచ్చినవాళ్లు దాన్ని జెండా చేసుకున్నారు. తిట్టినవాళ్లు అరాచకానికి అది మరో పేరన్నారు.

తిట్టినవాళ్ల ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. పై చట్టం అనేది ఎక్కడా అచ్చుపడి లేదు, దానికి కోర్టు లేదు, గెజెట్ లేదు. అలాంటప్పుడు అది చెప్పేవాడి సొంత అభిప్రాయానికి తొడిగిన పట్టుచొక్కా కాక మరేమిటి? వకీలుగా, గవర్నరుగా, సెనేటరుగా, చివరికి లింకన్ హయాంలో విదేశాంగ మంత్రిగా బతికిన సీవర్డ్ జీవితంలోనే దీనికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం. అయితే ఆ జవాబు ఆయన ఎత్తున నిలిచిన చోట కంటే జారిపడిన చోటే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో దీన్ని 'పై ధర్మం' అంటే చెవికి ఇంపుగా ఉంటుంది, పని కూడా సులువైపోతుంది. ధర్మం అనగానే మనం సగం ఒప్పేసుకుంటాం. కానీ సీవర్డ్ వకీలు, చట్టం అనే అన్నాడు. చట్టమంటే నచ్చినా నచ్చకపోయినా కట్టుబడాల్సింది, తప్పితే తప్పు పట్టదగ్గది. పైగా ఆ వాక్యాన్ని దాని చోట ఉంచి చదివితే ఆయన రాజ్యాంగాన్ని తోసిపుచ్చలేదు. స్వేచ్ఛ, న్యాయం, అందరి మేలు అంటూ రాజ్యాంగం చెప్పుకున్న లక్ష్యాలకే పై చట్టం కూడా ఆ నేలను అంకితం చేస్తోందన్నాడు. అంటే రాజ్యాంగం స్పష్టంగా ఆజ్ఞాపించని చోట దాన్ని ఏ వైపు చూస్తూ చదవాలో చెప్పాడన్నమాట. పారిపోయిన బానిసలను అప్పగించాలన్న నిబంధన దగ్గర మాత్రం ఈ సర్దుబాటు సాగదు. అది రాజ్యాంగంలో స్పష్టంగానే ఉంది. అలాంటి ఒప్పందాన్ని ప్రకృతి న్యాయం ఒప్పదని ఆయన ఆ ప్రసంగంలోనే అనేశాడు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆయన ఈ మాటను సెనేట్‌కి వచ్చాక కొత్తగా కనిపెట్టలేదు. నాలుగేళ్ల ముందు, 1846 మార్చిలో, ఆయన ఊరు ఆబర్న్ దగ్గర ఒక రైతు ఇంట్లో నలుగురు హత్యకు గురయ్యారు. వాళ్లలో ఒకడు రెండేళ్ల పసివాడు. చంపినవాడు విలియం ఫ్రీమన్ అనే నల్లజాతి యువకుడు. గుర్రం దొంగతనం కేసులో, తాను చేయలేదని మొత్తుకుంటున్నా, ఐదేళ్లు ఆబర్న్ జైల్లో గడిపినవాడు. అక్కడ తిన్న దెబ్బలకు చెవుడొచ్చింది, మతి చలించింది. పట్టుకొచ్చిన రోజే జనం అతణ్ని చంపేయబోయారు. ఈ మనిషి తరఫున ఎవరు వాదిస్తారని కోర్టు అడిగితే లేచినవాడు సీవర్డ్, అప్పటికే రెండు దఫాలు గవర్నరుగా చేసిన మాజీ. ఫీజు లేదు. ఊళ్లో పరువు పోయింది. నిందితుడికి మతి స్థిమితం లేదన్న వాదనను జ్యూరీ తోసేసి ఉరి ఖాయం చేసింది. సీవర్డ్ పై కోర్టుకెళ్లి ఆ తీర్పు కొట్టేయించాడు. కొత్త విచారణ మొదలయ్యేలోపే, 1847లో, ఫ్రీమన్ జైలు గదిలోనే చనిపోయాడు. శవపరీక్షలో మెదడు దెబ్బతిన్నట్టు తేలింది. ఈ కథలో సీవర్డ్ చట్టాన్ని దాటిన చోటు ఒక్కటీ లేదు. ఊరంతా న్యాయం అనుకుంటున్నదానికి పైన, అదే న్యాయశాస్త్రంలో, మరో న్యాయం ఉందని చూపించాడు, అంతే. ఈనాటి తీర్పు కంటే పెద్దదేదో లేకపోతే అప్పీలు అనే మాటకే అర్థముండదు.

ఇక ఎదుటివాళ్ల అసలు అభ్యంతరం. ఎవడి పై చట్టం వాడికి ఉంటుంది కదా! బానిసల యజమానులు కూడా బైబిలు తెరిచి, నోవహు శాపం చూపించి, నల్లవాళ్ల దాస్యం దైవనిర్ణయమే అన్నారు. 1859లో జాన్ బ్రౌన్ దేవుడి ఆజ్ఞ అంటూ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడ్డాడు. ఆ దాడిలో మొదట ప్రాణం పోయినవాడు హేవర్డ్ షెపర్డ్, ఎవరికీ బానిస కాని ఒక నల్లజాతి రైల్వే కూలీ. సీవర్డ్ ఆ దాడిని రాజద్రోహమనే ఖండించాడు. మరి తన పై చట్టానికీ బ్రౌన్ పై చట్టానికీ తేడా ఏమిటి? త్యాగాన్ని కొలబద్ద చేస్తే చాలదు, బ్రౌన్ తన ప్రాణాన్నే ఇచ్చాడు. నిజాయితీ అసలే చాలదు, యజమానుల్లోనూ నిజాయితీపరులు ఉండేవాళ్లు. చూడాల్సింది ఆ చట్టం ఖర్చు ఎవరి మీద వేస్తోందన్నది. యజమానుల పై చట్టం వాళ్ల చేతికి కొరడా ఇచ్చింది, వీపు మాత్రం ఇంకొకరిది. బ్రౌన్ చట్టం దారినపోయే కూలీ ప్రాణాన్ని అతణ్ని అడగకుండానే ఖర్చు రాసింది. చెప్పేవాడికి హక్కు పెంచే పై చట్టాన్ని అనుమానించాలి. చెప్పేవాడి మీదే బరువు మోపేదైతే కనీసం ఆలకించాలి.

ఈ లెక్కన 1850 తర్వాత ఆబర్న్‌లోని సీవర్డ్ ఇంటిని చూడండి. ఆ సెప్టెంబరులో వచ్చిన చట్టం ప్రకారం పారిపోయిన బానిసకు ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడినవాడి సాక్ష్యం చెల్లదు. విచారించే కమిషనరు అతణ్ని యజమానికి అప్పగిస్తే పది డాలర్లు, విడిచిపెడితే ఐదు డాలర్లు ఫీజు. తీర్పుకి ధర కట్టిన చట్టం చరిత్రలో ఇంకెన్ని ఉన్నాయో! సీవర్డ్, ఆయన భార్య ఫ్రాన్సెస్ ఆ చట్టం అమలులో ఉండగానే పారిపోయి వచ్చినవాళ్లకు తమ ఇంట్లో చోటిచ్చారు. 1859లో ఆబర్న్ పొలిమేరలో ఇల్లూ కొంత నేలా హేరియట్ టబ్‌మన్‌కి సులభ వాయిదాల మీద అమ్మాడు. నల్లవాళ్లు ఈ దేశ పౌరులే కారని సుప్రీంకోర్టు చెప్పి రెండేళ్లయింది. చట్టం దృష్టిలో ఆమె ఇంకా ఒకరి చేతిలోంచి పారిపోయిన ఆస్తి. అయినా ఒక సెనేటరు ఆమెకు ఆస్తి అమ్మాడు.

కథ ఇక్కడే ఆగితే బాగుండును. 1860లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం తనకే అనుకుంటే లింకన్‌కి దక్కింది. ఆ శీతాకాలంలో దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. 1861 జనవరి 12న సీవర్డ్ సెనేట్‌లో రాజీ స్వరంతో మాట్లాడాడు. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వం జోలికి కాంగ్రెస్ ఏనాడూ పోకుండా రాజ్యాంగానికే తాళం వేసే సవరణ ఒకటి అప్పుడు కాంగ్రెస్ ముందుకొచ్చింది. ప్రతినిధుల సభలో దాన్ని నడిపిన కార్విన్ పేరుతో చెలామణి అయింది. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నవాడు సీవర్డే. పదకొండేళ్ల కింద పై చట్టం చెప్పిన నోరే ఇప్పుడు కింది చట్టానికి శాశ్వత తాళం అడిగింది. ఆయన దగ్గర కారణం లేకపోలేదు. సరిహద్దు రాష్ట్రాలు జారిపోకుండా, లింకన్ ప్రమాణ స్వీకారం దాకా, దేశాన్ని నిలబెట్టాలి. బరువైన కారణమే. కానీ ఆ బేరంలో ఖర్చు పడింది సుమారు నలభై లక్షల మంది బానిసల మీద. వాళ్లెవరూ ఆ గదిలో లేరు. ఫ్రాన్సెస్ భర్తకు ఉత్తరం రాసి, వెబ్‌స్టర్ నడిచిన దారిలోనే నువ్వూ నడుస్తున్నావని హెచ్చరించింది. ఆ ఇంట్లో వెబ్‌స్టర్ పేరు కంటే కటువైన తిట్టు ఇంకొకటి ఉండదు.

ఇంకేముంది, చెప్పినవాడే తప్పాడు, ఆ పై చట్టం ఒట్టి రాజకీయమే అని విమర్శకుడు చప్పట్లు కొడతాడు. నాకు సరిగ్గా తిరగబడి కనిపిస్తుంది. పై చట్టం సీవర్డ్ సొంత అభిప్రాయమే అయితే 1861లో ఆయన దాన్ని మీరడం అసాధ్యం. అభిప్రాయం మారుతుంది, అంతే. నిన్న వంకాయ ఇష్టమై ఈరోజు కాకపోతే వంకాయ పట్ల అపరాధం చేశామని ఎవరూ అనరు. సీవర్డ్‌ను మాత్రం తప్పు చేశావన్నారు. బయటివాళ్లే కాదు, ఆయన్ని అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషీ అన్నది. అంటే కొలబద్ద ఆయన చేతిలో లేదు. ఆయనే దానితో కొలతకు నిలబడ్డాడు.

మాట మార్చాడన్నదే తప్పు, పై చట్టంతో పనేముంది అనవచ్చు. కానీ మాట మార్చడమే నేరమైతే ఏ వైపు మార్చినా ఒకటే కావాలి. సీవర్డ్ పుట్టిన ఇంట్లో బానిసలు ఉండేవాళ్లు. ఆయన తండ్రే యజమాని. ఆ ఇంటి నడతకు ఎదురు తిరిగినందుకు సీవర్డ్‌ను ద్రోహి అన్నవాళ్లను చరిత్ర గౌరవంగా తలచుకోదు. న్యూయార్క్ రాష్ట్రమే ఒకనాడు బానిసత్వాన్ని ఒప్పుకుని, 1827కల్లా పూర్తిగా ఎత్తేసింది. దాన్ని ఎవరూ నిలకడలేనితనం అనలేదు. ఒక వైపు మారితే ఎదగడం, ఇంకో వైపు మారితే జారడం అంటున్నామంటే మన మనసులో పల్లం ఎటో, ఎత్తు ఎటో ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

మనకు తెలిసిన సభ ఒకటుంది. జూదంలో తన్నోడిన భర్తకు నన్నొడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగింది. అది అచ్చంగా బానిసత్వం మీద వేసిన న్యాయ ప్రశ్న. శాస్త్రాలన్నీ తెలిసిన భీష్ముడు ధర్మం సూక్ష్మమని తల వంచాడు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి, ఆమె ఓడినట్టు కాదని తేల్చి చెప్పాడు. అదే వికర్ణుడు తర్వాత కురుక్షేత్రంలో దుర్యోధనుడి పక్షానే నిలిచి భీముడి చేతిలో పోయాడు. అందువల్ల సభలో అతడన్న మాట అబద్ధమైందని ఏ కథకుడూ చెప్పలేదు. పోయినందుకు భీముడు బాధపడ్డాడని మాత్రం చెప్పుకుంటారు. సీవర్డ్‌ను చూసినప్పుడల్లా నాకు భీష్ముడి కంటే వికర్ణుడే గుర్తొస్తాడు.

ఆ జారుడు 1861తో ఆగలేదు. యుద్ధం ముగిశాక, విముక్తులైన నల్లవాళ్ల హక్కుల విషయంలో వెనక్కి లాగిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పక్కనే సీవర్డ్ నిలబడ్డాడు. 1867 మార్చి 30న రష్యా నుంచి 72 లక్షల డాలర్లకు అలాస్కా కొన్నాడు. జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా దానికే. ఆ సంధిలో అక్కడి నివాసులకు పౌర హక్కులు రాస్తూ, నాగరికత లేని తెగలకు మాత్రం అవి వర్తించవని మినహాయించారు. నేలకు మనం ధర్మకర్తలమే అన్న మనిషి ఆ నేల మీద అంతకు ముందునుంచీ ఉన్నవాళ్లను అడగలేదు. ఈ తప్పును కూడా మనం పట్టగలుగుతున్నది 1850లో ఆయన చేతికిచ్చిన కొలతతోనే.

1861 నాటి కార్విన్ సవరణను రాష్ట్రాలు చాలినన్ని ఆమోదించి ఉంటే అది అమెరికా రాజ్యాంగానికి పదమూడో సవరణ అయ్యేది. యుద్ధం దాన్ని మింగేసింది. 1865 ఏప్రిల్ 14 రాత్రి, ఇంచుమించు లింకన్‌ను కాల్చిన సమయంలోనే, ఒక హంతకుడు సీవర్డ్ పడకగదిలోకి చొరబడి ఆయన ముఖాన్ని కత్తితో చీల్చాడు. ఆ గాటు జీవితాంతం ఉండిపోయింది. అదే ఏడాది డిసెంబరు 18న, దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసే మరో పదమూడో సవరణ అమలులోకి వచ్చిందని ధ్రువీకరిస్తూ విదేశాంగ మంత్రి హోదాలో సంతకం పెట్టినవాడు సీవర్డే. ఆ కాగితం చూడడానికి ఫ్రాన్సెస్ లేదు. ఆమె జూన్ 21నే కన్నుమూసింది.