మనిషికి మూలమట్టం లేదు

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే నా కళ్ళు ముందు వెతికేది ఒక్క మాట కోసం. ‘అన్నీ నార్మల్’ అని ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. ఎక్కడైనా ‘అబ్‌నార్మల్’ అని కనిపిస్తే, పక్కనున్న అంకె ఎంతో చూడకముందే గుండె జారిపోతుంది. జబ్బు భయం కొంత ఉన్న మాట నిజమే. కానీ తరచి చూసుకుంటే దాని కింద ఇంకో భయం ఉంది. పదిమందిలోంచి నన్ను పక్కకు తీసి నిలబెడతారన్న భయం.

అది నాలో ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఎడమ చేత్తో బలపం పడితే లాగి కుడిచేతిలో పెట్టేవాళ్ళు. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపితే కసురుకునేవాళ్ళు. నా మీద ప్రేమ లేక కాదు, నలుగురిలో వేలెత్తి చూపించుకోకూడదనే వాళ్ళ ఆరాటం. రాత, భోజనం కుడిచేతికి మారాయి. తాళం తీయడానికి మాత్రం ఇప్పటికీ ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. ప్రపంచంలో సుమారు పదిమందిలో ఒకరిది ఇదే వాటమని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ పాత బెదురు పోలేదు. నన్ను ఇంతగా కుదిపే ఆ మాట అసలు ఎక్కడిదో తెలుసుకోవాలనిపించింది.

లాటిన్‌లో ‘నోర్మా’ అంటే వడ్రంగి వాడే మూలమట్టం. రెండు చెక్కలు లంబంగా కలిశాయో లేదో చూసే పనిముట్టు. లెక్కల పుస్తకంలో ‘నార్మల్’ను అభిలంబం అని చదువుకున్నది ఆ పాత అర్థంలోనే. ‘అబ్’ అంటే దూరంగా, తప్పి అని. రెండూ కలిస్తే మట్టం తప్పినది. ‘అబ్‌నార్మల్’ ఆంగ్లంలో స్థిరపడింది మాత్రం 19వ శతాబ్దంలోనే.

దీని పుట్టుకలో ఇంకో పాయ ఉంది. గ్రీకులో ‘హోమలోస్’ అంటే చదునైనది, ‘అనోమలోస్’ అంటే ఎగుడుదిగుడుగా ఉన్నది. ఆంగ్లంలోని ‘అనామలీ’ దాన్నుంచే వచ్చింది. మధ్యయుగాల లాటిన్‌లో ఈ గ్రీకు మాట ‘నోర్మా’తో కలగలిసిపోయి రూపం మార్చుకుంది. ఫ్రెంచి ‘అనోర్మాల్’ అలా పుట్టింది. ఆంగ్లంలోనూ కొంతకాలం ఆ రూపం నడిచి, తర్వాత ‘అబ్‌నార్మల్’కు చోటిచ్చింది. గ్రీకు మాట నేల ఎత్తుపల్లాలను ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. లాటిన్ మాట చేతిలో పనిముట్టు పట్టుకుని తీర్పు చెప్పింది. ఫ్రెంచి తత్త్వవేత్త, వైద్యుడు జార్జ్ కాంగిలెమ్ 1943లో సమర్పించిన తన వైద్య సిద్ధాంత వ్యాసంలో ఈ తేడానే పట్టుకున్నాడు. తేడాగా ఉండటం వేరు, జబ్బు పడటం వేరు అని వాదించాడు.

చెక్కకు పెట్టిన మట్టాన్ని మనిషికి పెట్టే దారి వేసినవాళ్ళలో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే ముఖ్యుడు. నక్షత్రాల స్థానాలు కొలిచేటప్పుడు దొర్లే పొరపాట్లను లెక్కగట్టే పద్ధతిని ఆయన మనుషుల కొలతలకు వర్తింపజేశాడు. 1835లో ‘సగటు మనిషి’ని ప్రతిపాదించాడు. ఆయన దృష్టిలో సగటే ఆదర్శం. ఖగోళంలో సగటు నుంచి తొలగింది పొరపాటు. అదే లెక్క మనుషుల దగ్గరికి వచ్చేసరికి పొట్టివాడూ పొడుగువాడూ కూడా ప్రకృతి చేసిన పొరపాట్లయ్యారు.

ఆ సగటు మనిషిని ఒకసారి నిజంగానే వెతికారు. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల ఒంటి కొలతలు తీసింది. పది ముఖ్యమైన కొలతల్లోనూ సగటు పరిధిలో పడేవాళ్ళెందరో గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారి లెక్క చూశాడు. ఒక్కడు కూడా లేడు. దాంతో సగటు ఒంటికి కాక్‌పిట్ కట్టే ఆలోచన మానుకుని, ఎవరికి వారు సర్దుకునే సీట్ల వైపు మళ్ళారు.

నన్ను భయపెట్టే రిపోర్టులోని హద్దులు కూడా ఇలాంటి లెక్కే. చాలా పరీక్షలకు, ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఫలితాలు పడే మేరను హద్దుగా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు ఆ లెక్కలోనే బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, నిక్షేపంలాంటి మనిషికి కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం నూటికి 64. అలాగని హద్దు దాటిన అంకెను వదిలేయమని కాదు. ప్రాణం కాపాడే హెచ్చరిక ఒక్కోసారి అందులోనే ఉంటుంది. ఆ అంకె డాక్టరు దగ్గర మొదలుపెట్టాల్సిన ప్రశ్న, అంతే.

అంకె మీది మాట మనిషి మీదికి ఎక్కినప్పుడే అన్యాయం మొదలవుతుంది. స్వలింగ ప్రేమను మానసిక రుగ్మతల జాబితాలోంచి అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో తీసేసింది. మన సుప్రీంకోర్టు దాన్ని నేరం కాదన్నది 2018లో. అలా ప్రేమించేవాళ్ళేమీ మారలేదు, కొలిచే మట్టం మారింది. ఈలోగా ఎందరి బతుకులు నలిగిపోయాయో!

ఇదంతా తెలిశాక నాలోకి చూసుకుంటే కనిపించేది నాకు ఇష్టమైనది కాదు. బంధువుల ఇంట్లో మాటలు ఆలస్యమైన పిల్లాడినో, ఎవరి కళ్ళలోకీ చూడని పిల్లనో కలిసినప్పుడు, పలకరింపు కంటే ముందు నా మనసులో మూలమట్టం లేస్తుంది. ఎడమ చెయ్యి పట్టి లాగినప్పటి నొప్పి తెలిసినదాన్నే అయినా లేస్తుంది. దెబ్బ తిన్నంత మాత్రాన మనసు మెత్తబడిపోదు. మెత్తబరచుకోవాలి. ప్రతిసారీ, పని పెట్టుకుని.

అందుకే చదివేవాళ్ళకు నాదొక్క విన్నపం. ‘అబ్‌నార్మల్’ అనే మాటను రిపోర్టులోని అంకెకే ఉంచండి, మనిషికి తగిలించకండి. ఒక బిడ్డ తేడాగా కనిపిస్తే ‘ఎందుకిలా ఉన్నాడు?’ అనకుండా ‘వీడికి ఏం కష్టంగా ఉంది, మనమేం చెయ్యగలం?’ అని అడగండి. సాయం కావాలంటే ఆలస్యం చెయ్యకుండా చూపించండి. సాయం అక్కర్లేని తేడా అయితే, దాన్ని దాని మానాన ఉండనివ్వండి.