సంతకం ఎవరిది?

మాది యానాం. ఫ్రెంచివారు మన ఊళ్ళను భారతదేశానికి అప్పగించిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకొచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకున్నవారు ఆరు నెలల్లోగా రాసివ్వాలి. 18 ఏళ్ళలోపు పిల్లలకు తండ్రి రాసిందే ఖాయం. మా ముత్తాత రాయలేదు, పక్కింటాయన రాశారు. ఆయన కొడుకు ఫ్రాన్సులోనే స్థిరపడ్డారు. సెలవులకొచ్చినప్పుడు మా తాతయ్యతో అరుగు మీద కూర్చుంటారు. “మనల్నెవరడిగార్రా?” అని ఇద్దరూ నవ్వుకుంటారు.

ఇప్పుడు నాన్న మమ్మల్ని కెనడా తీసుకెళ్దామంటున్నారు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. నా పాస్‌పోర్టుకి అమ్మానాన్నల సమ్మతి కాగితం ఉంది, నా సమ్మతికి గడి లేదు. పెంచేవాళ్ళే నిర్ణయిస్తారు, ఒప్పుకుంటాను. అడక్కుండా నిర్ణయించడమే న్యాయమనిపించదు. నాన్నతో అదే అన్నాను. “సరే, చెప్పు” అన్నారు. నాకు పదిహేనేళ్ళు, చెప్పగలను. నాలుగేళ్ళ చెల్లిని ఏమని అడగాలి?