దయకూ సత్యానికీ నడుమ చీటీ

ఆకలితో వున్న పిల్లవాడికి పాలు పొయ్యటానికి ఏ శాస్త్రం అనుమతీ అక్కరలేదు. కాని ఆ పాలవల్ల ఎంత మేలు జరిగిందో రుజువు చెయ్యవలసి వచ్చినప్పుడు దయ ఒక్కటే చాలదు. పైగా, చోటుగాని చోట ప్రవేశించిన దయ రుజువునే చెరుపుతుంది. ఈ మాట కటువుగా తోచవచ్చు. స్కాట్లండులో జరిగిన ఒక ప్రయోగాన్ని పరిశీలిస్తే యిందులోని నిజం బోధపడుతుంది.

1930లో లానార్క్‌షైర్‌లోని 67 పాఠశాలల్లో 20,000 మంది పిల్లలతో ఆ ప్రయోగం చేశారు. 10,000 మందికి నాలుగు నెలలపాటు రోజూ ముప్పాతిక పింటు పాలిచ్చారు, తక్కినవారికి ఇవ్వలేదు. మొదటా చివరా అందరి బరువూ ఎత్తూ కొలిచారు. పాలు ఎవరికన్నది కొన్నిచోట్ల చీటీలతో, కొన్నిచోట్ల పేర్ల అక్షరక్రమంతో నిర్ణయించారు. అంతవరకూ బాగానే వున్నది. కాని ఒక జట్టులో పుష్టిగల పిల్లలో, బక్కపిల్లలో మరీ ఎక్కువైనట్టు తోస్తే కొందరిని మార్చవచ్చునని వెసులుబాటు కల్పించారు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. తీరా చూస్తే పాలు తాగనివారే మొదటినుంచీ బరువులోనూ ఎత్తులోనూ మిన్నగా వున్నారు! 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసే గాసెట్ 1931లో దీన్ని విమర్శించాడు. బీదపిల్లల అవసరం చూసి ఉపాధ్యాయుల మనసు కరిగి వుంటుందని అతని ఊహ. ఇంకొక సంగతి: పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి చలిలో ఒకసారి, జూన్ వేసవిలో మరోసారి. కలిగినవారి పిల్లలు బరువైన దుస్తులు విడిచారు. బీదవారి పిల్లలకు విడవటానికి అంతగా ఏమున్నది? పాలజట్టులో బీదవారు ఎక్కువైతే, ఆ తేడా కూడా పాల ఖాతాలోనే పడుతుంది. వర్గభేదం తక్కెడ మీదికి కూడా ఎక్కిందన్నమాట. పచ్చిపాలకూ పాశ్చురైజు చేసిన పాలకూ పోలిక తీద్దామన్నా, ఏ ఒక్క పాఠశాలలోనూ రెండూ ఇవ్వలేదు. తేడా పాలదో పాఠశాలదో చెప్పేదెలా?

సంఖ్యాబలం మీద మనకు నమ్మకం ఎక్కువ. కాని పక్షపాతంతో కూర్చిన ఇరవైవేలు పక్షపాతాన్ని పోగొట్టవు. దానికి మరింత గౌరవం సంపాదించి పెడతాయి. ఒకే పోలికగల కవలల జంటలు యాభై చాలునని గాసెట్ అన్నాడు. ప్రతి జంటలోనూ నాణెం ఎగరేసి ఒకరికి పాలిస్తే సరిపోతుంది. రాథమ్‌స్టెడ్ పొలాల్లో ఫిషర్ రూపొందించి, 1935లో గ్రంథంగా వివరించిన పద్ధతికి సారం కూడా ఇదే: ఒకటికి పదిసార్లు చెయ్యి, సమానమైన వాటినే పోల్చు, ఎంపికను మనిషి ఇష్టానికి వదలక చీటీకి అప్పగించు. చీటీకి బంధుప్రీతి లేదు. జాలీ లేదు. మనకు తెలియని భేదాలు కూడా ఒకే జట్టు వైపు మొగ్గే అవకాశాన్ని అది తగ్గిస్తుంది. మిగిలిన పొరపాటు ఎంత వుండగలదో లెక్క కట్టనిస్తుంది.

మరి బతుకును లాటరీకి అప్పగించటం న్యాయమా? ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ కొరతగా వున్న రోజుల్లో 107 మంది క్షయరోగుల్ని ఇలాగే రెండు జట్లు చేశారు. ఆరునెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురూ, తీసుకోని 52 మందిలో 14 మందీ మరణించారని 1948లో ప్రకటించారు. మందు అందరికీ చాలనప్పుడు, దాని గుణం ఇంకా తేలనప్పుడు, పలుకుబడికన్న చీటీయే ధర్మం. గుణం తేలిన తరవాత మాత్రం ఇవ్వకపోవటం నేరమౌతుంది. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషుల్ని వైద్యం లేకుండా వుంచారు. పెనిసిలిన్ వచ్చినా ఇవ్వలేదు. దాన్ని శాస్త్రమనటం శాస్త్రానికే అవమానం.

లానార్క్‌షైర్ ఉపాధ్యాయుల హృదయం మంచిదే. బక్కపిల్లవాడికి పాలివ్వదలిస్తే లెక్కకు బయట మరో పాత్ర తెచ్చి పొయ్యవలసింది. పాలకులను నిలదీసి పాలు సాధించవలసినవారికి గట్టి రుజువు కావాలి. లోపమున్న రుజువును ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో కూలదోస్తాడు. అప్పుడు నష్టపోయేది ఆ బీదపిల్లవాడే.