పాలు చాలడం లేదని దిగులుపడే తల్లికి

కొండల మీంచి చలి దిగే మా టికిరి ఊళ్లో, పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రిపూట తరచూ వినబడే మాట ఒకటుంది: "పాలు చాలట్లేదేమో!" బిడ్డ ఏడుస్తుంది, తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడు అమ్మో అత్తగారో కుంపటి మీద అరచేతులు కాచుకుని బాలింత వెనక కూర్చుంటుంది. మెడ కింద నుంచి, వెన్నెముకకు అటూ ఇటూ, బొటనవేళ్లతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ కిందికి రుద్దుతుంది. కాసేపటికి భుజాలు వదులవుతాయి. పాలు చేపుకొస్తాయి.

చెల్లీ, నువ్వూ అలాగే దిగులుపడుతున్నావా?

దూడ ముట్టెతో పొదుగు కుమ్మితే ఆవు చేపినట్టే, బిడ్డ చీకినప్పుడు, అయినవాళ్ల చేయి తగిలినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పాలను ముందుకు తోసేది అదే. భయం, నొప్పి, దిగులు దాన్ని కాసేపు అడ్డుకుంటాయి. నువ్వు చెడ్డ తల్లివి కావు, అలిసిపోయిన తల్లివి.

తొలి రోజుల్లో వచ్చేది కొద్దిపాటి ముర్రుపాలే. అంత చిన్న పొట్టకు అవే సరిపోతాయి. మామూలుగా 2 నుంచి 4 రోజుల్లో పాలు నిండుగా పడతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు బిడ్డకు రొమ్ము అందిస్తుంటే పాలు పెరుగుతాయి. పాలిచ్చే ముందు రొమ్మును వేళ్ల కొసలతో మెత్తగా నిమురుకో. గట్టిగా పిసకొద్దు.

నీ బిడ్డ ఏడుపు విన్న దేవుడు నీ నిట్టూర్పు వినడా? ఆయన ఆదరణ చాలాసార్లు మనుషుల చేతులతోనే వస్తుంది. వీపు రుద్దే అత్తగారి చేతులవి, ఇంటికొచ్చి బిడ్డను తూచే ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ చేతులవి. ఆయన పంపిన సాయాన్ని మొహమాటంతో వద్దంటున్నావా?

ఈ రోజు ఈ తీర్మానం చేసుకో: "ప్రభువా, నా భయం నీకు అప్పగిస్తున్నాను. బిడ్డ అడిగినప్పుడల్లా పాలిస్తాను. వేళకు తింటాను. వీపు రుద్దమని నోరు తెరిచి అడుగుతాను."

రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా, పాలు పడ్డాక కూడా బిడ్డ రోజుకు 6 సార్లకన్నా తక్కువ ఉచ్చ పోసినా ఆలస్యం చెయ్యకు. ఆశా దీదీకి చెప్పి ఆస్పత్రికి వెళ్లు. చెల్లీ, సాయం అడగడం కూడా విశ్వాసమే.