ఒక్క కన్నును కాపాడేదెవరు?



మా మేనమామకి పదేళ్లప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. అరవై ఏళ్లు ఒంటికంటితోనే సేద్యం చేశాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు. డెబ్బయ్యో ఏట ఆ కంట్లోనూ శుక్లం వచ్చింది. దీపం చుట్టూ వలయాలు, మనుషులు మంచులో ఉన్నట్టు కనిపించడం. ఆపరేషన్ అనగానే, "వద్దురా. ఈ మసక చూపైనా ఉండనీ. ఇదీ పోతే?" అన్నాడు.

రెండు కళ్లున్నవాళ్లకి ఇది పిరికితనంలా వినిపిస్తుంది. వాళ్లకి ఒక కన్నుకి కట్టు కట్టినా రెండోది ఇంటికి దారి చూపిస్తుంది. మామయ్యకి ఆ రెండోది లేదు. శుక్లం ఆపరేషన్లు చాలావరకు బాగానే జరుగుతాయి. ఇన్ఫెక్షన్ లాంటి చిక్కు అరుదు. కానీ ఆ అరుదు తనకే వస్తే మిగిలేది చీకటి. అలాగని వాయిదా వేస్తే? శుక్లం ముదిరి గట్టిపడేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నరమే దెబ్బతింటుంది. చేయించుకున్నా భయమే, మానుకున్నా ప్రమాదమే.

"అన్నీ అనిత్యమే కదా మామయ్యా, కంటి మీద ఇంత ఆశ ఎందుకు?" అన్నాను నేను. అది నా తప్పు. అనిత్యం ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సిన మాట, భయపడే మనిషి నోరు మూయించడానికి కాదు.

మజ్ఝిమ నికాయం, భద్దాలి సుత్తంలో బుద్ధుడు ఒక ఉపమానం చెప్పాడు. ఒకే కన్నున్న మనిషికి ఆ కన్నూ పోకూడదని బంధుమిత్రులు కాపాడతారట. అలాగే కాస్తంత శ్రద్ధ, ప్రేమ మాత్రమే ఉన్న భిక్షువుకి ఆ కాస్తా పోకుండా తోటి భిక్షువులు చూసుకుంటారు. గమనించండి, ఇక్కడ బాధ్యత చుట్టూ ఉన్నవాళ్లది.

కాపాడటమంటే బలవంతంగా ఎక్కించుకుపోవడం కాదు, "నీ ఇష్టం" అని వదిలేయడమూ కాదు. మంచీ చెడూ రెండూ దాచకుండా చెప్పమని డాక్టరుగారిని అడిగాం. మామయ్య రెండు వారాలు ఆలోచించుకుంటానన్నాడు. ఆగాం. ఒకరోజు గట్టు మీద కాలు జారి పడ్డాక, "పదండి" అని తనే అన్నాడు.

కట్టు ఉన్న ఆ రాత్రి ఆయనకి లోకమంతా చీకటి. మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. తెల్లారి కట్టు విప్పగానే ఆమెను చూసి, "ముసలిదానివైపోయావే!" అన్నాడు.

చూపు రాకపోయి ఉంటే? మేం చేసింది తప్పయ్యేదా? కాదనుకుంటాను. ధమ్మంలో కర్మకు మూలం చేతన, ఫలితం కాదు. చూపు తెప్పించడం మా చేతిలో లేదు. ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలకపోవడం మా చేతిలో ఉంది.

మీ చుట్టూ చూడండి. ఒక్కటే మిగిలినవాళ్లు ఎందరో ఉంటారు. ఒక్క కొడుకు, ఒక్క ఎకరం, ఒక్క ఆశ. "అంత భయమెందుకు?" అనే ముందు, మన రెండో కన్ను సంగతి ఒక్కసారి గుర్తు చేసుకుందాం.